సంఘం శాలువా

"పాప ఈ నెల ఫీజుకి రేపే ఆఖరప్పా. సంఘంలో అప్పు ఇప్పించండి," అన్నాను సంఘం సభలో లేచి. మా ఆయన కానిస్టేబులు. జీతంలో ప్రతి నెలా చందా పట్టుకుంటారు.

"దుడ్డు యాడుండాదమ్మా?" అన్నాడు పోలీసు సంఘం కోశాధికారి జెరోమ్. "బదిలీ అయ్యే ప్రతి సారుకీ శాలువా కప్పల్ల. ఏటేటా సార్లు ఎక్కువైపోతుండారు."

"అయితే ఆ శాలువాలు నిలిపేయండప్పా!"

సభంతా నవ్వింది. అధ్యక్షుడు గోపాలప్ప లేచాడు.

"ఈయమ్మ చెప్పిందే న్యాయం. ఇంగ శాలువాలు బంద్!"

అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇంత మంచి మాట చెప్పినందుకు ఈయమ్మకి సన్మానం చేయల్ల. రేపు బదిలీ మీద పోయే సారుకి తెచ్చిన శాలువా తీస్కరా జెరోమూ!"

జరీ శాలువా నా భుజాల మీద పడింది. నాకు ఏడుపొచ్చింది. "దీంతో ఫీజెట్లా కట్టేదప్పా?"

జెరోమ్ శాలువా సర్దుతూ చెవిలో అన్నాడు.

"కొన్న అంగడిలోనే దుడ్డిచ్చి వాపసు తీసుకుంటారమ్మా. సార్లందరూ ఆడికే పంపిస్తారు."