గుట్టు మెయిలు

"నీ మెయిలు కంపెనీవాడు పచ్చి దొంగరా!" అన్నాడు ప్రూఫ్‌రీడరు, మేనల్లుడు చెప్పులన్నా విప్పకముందే.

మేనల్లుడిది కంప్యూటర్ల ఉద్యోగం. మేనమామకి ఆ గుట్టు మెయిలు పెట్టించింది అతనే.

"ఏమైంది మావయ్యా?"

"నెమ్మదిగా! ముందు గదిలో మీ అత్తయ్య ఉంది." ప్రూఫ్‌రీడరు తలుపు దగ్గరగా వేసి, మేనల్లుణ్ణి తన కుడిపక్క కూర్చోబెట్టుకున్నాడు. "ఇందులో రాసింది కంపెనీవాడు కూడా చదవలేడన్నావా, లేదా?"

"అన్నాను. తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది. వాడికి కనబడేవి పిచ్చి గీతలే."

"మరి మీ అత్తయ్యకి అన్నీ ఎలా తెలిసిపోతున్నాయి?"

ఆ 'అన్నీ' ముగ్గురికే తెలియాల్సిన సంగతులు. ప్రూఫ్‌రీడరుకి, చెవి డాక్టరుకి, ఈ మేనల్లుడికి. ఆయన ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి పోయే దారిలో ఉంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా మొగుడూ పెళ్ళాలిద్దరూ కలిసి ఈ ఇంట్లోనే అచ్చు పుస్తకాలకి ప్రూఫులు చూస్తున్నారు. ఆవిడ రాతప్రతి పైకి చదివేది, ఆయన అచ్చుకాగితం మీద తప్పులు దిద్దేవాడు. మూడు నెలల కిందట ఆవిడ చదివేది సగం అందక, "సన్న అచ్చు చూస్తే కళ్ళు మండుతున్నాయి, ఇకనుంచి రాతప్రతి నేను చదువుతా, నువ్వు దిద్దు" అని పని తిరగేశాడు. నిజం తెలిస్తే ఆవిడ జాలిపడి పనే మాన్పించేస్తుందని ఆయన భయం. పని పోతే పోయింది గానీ, రోజూ ఆవిడ పక్కన కూర్చునే ఆ నాలుగు గంటలూ పోతే మాత్రం ఆయన తట్టుకోలేడు.

"సోమవారం డాక్టరుకి రాశానా, కాలింగ్ బెల్ వినబడటం లేదని? బుధవారానికల్లా గోడమీద ఎర్రదీపం వెలిసింది. బెల్ నొక్కితే వెలుగుతుంది. ఇదేమిటే అంటే, 'ముచ్చటగా ఉందని పెట్టించా' అంటుంది!"

"సరే."

"ఏమిటి సరే? ఆవిడ వంటింట్లోంచి మాట్లాడితే ఒక్క ముక్క అందట్లేదని రాశా. మర్నాటినుంచి ఉప్పు అయిపోయిందని చెప్పడానికి కూడా గరిటె పట్టుకుని నా ఎదుటికొచ్చి నిలబడుతోంది. మాట్లాడేవాళ్ళని కుడివైపు కూర్చోబెట్టుకోమని నిన్న డాక్టరు రాశాడు. పొద్దున లేచేసరికి తన కుర్చీ నా కుడిపక్కన! నువ్వేమైనా ఊదావా?"

"అమ్మతోడు, నేను నోరు విప్పలేదు. అత్తయ్య ఈ కంప్యూటర్ ముట్టుకుంటుందా?"

"దాని మీద దుమ్ము కూడా దులపదు."

మేనల్లుడు కంప్యూటరు ముందుకు లాక్కుని, ఏవేవో నొక్కి, మెయిలు ఎవరెప్పుడు తెరిచారో మూడు నెలల జాబితా అంతా వెతికాడు.

"నువ్వు తప్ప ఒక్క పురుగు కూడా లోపలికి రాలేదు మావయ్యా."

"అయితే వాడే అమ్మేసుంటాడు!"

"నీ చెవి సంగతి కొనేవాడెవడు? ఒక పని చేద్దాం. ఇదిగో, నెట్ తీగ పీకేశాను. ఇప్పుడు నువ్వేం రాసినా ఈ బల్ల దాటి పోదు. రాయి, చూద్దాం."

ప్రూఫ్‌రీడరు కళ్ళజోడు సర్దుకున్నాడు. ఒక్క వేలితో, ఒక్కో అక్షరమూ వెతికి వెతికి, తన మటుకు తను గుట్టుగా మొదలుపెట్టాడు. ఏదో పరీక్షకి రాద్దామనుకున్నది, రెండు ముక్కలు రాసేసరికి ఆయన చేతుల్లో లేకుండా పోయింది.

'డాక్టరుగారూ, చెవికి మెషిన్ పెట్టుకోవడం నాకు నామోషీ కాదు. నాకు చెవుడని తెలిస్తే మా ఆవిడ నా పక్కన కూర్చోవడం మానేస్తుందేమోనని బెంగ. పుస్తకాలు ఎవరైనా దిద్దుకుంటారు. నాకు ఆవిడ గొంతు కావాలి.'

మేనల్లుడు మొదటి ముక్కకే ఉలిక్కిపడి తలుపువైపు చూశాడు. రెండో ముక్కకి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. చివరికి వచ్చేసరికి అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"నవ్వుతున్నావా, ఏడుస్తున్నావా?"

"రెండూనూ. నువ్వు కానీ మావయ్యా."

ఆఖరి వాక్యానికి చుక్క పెట్టాడో లేదో, తలుపు తోసుకుని ఆవిడ వచ్చింది. చేతిలో ఎర్ర పెన్ను, తడిసిన కళ్ళు, మొహం నిండా కోపం. తిన్నగా వచ్చి ఆయన కుడిచెవి దగ్గర కూర్చుంది.

"ముప్పై ఒక్క ఏళ్ళు కాపురం చేసి, నన్ను తెలుసుకున్నది ఇంతేనా? చెవి పోతే పక్కన కూర్చోవడం మానేస్తానా? ఇంకాస్త దగ్గరికి జరుగుతాను! మీ అంతట మీరే చెప్తారని మూడు నెలలు నోరు కుట్టుకున్నాను. ఇక నావల్ల కాదు. రేపు ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. మెషిన్ పెట్టించుకున్నాక మళ్ళీ నేను చదువుతా, మీరు దిద్దుతారు."

ఆ మాటలు మాత్రం ఆయనకి అక్షరం పొల్లుపోకుండా వినబడ్డాయి. మూడు నెలల బరువు దిగిపోయినట్టయింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. మరుక్షణంలోనే అసలు సంగతి గుర్తొచ్చి, పీకేసిన తీగ చేతిలోకి తీసుకుని ఊపాడు.

"చూశావట్రా! పంపనే లేదు, అప్పుడే తెలిసిపోయింది! ఎవడు చెప్పాడే నీకు?"

అత్తా అల్లుడూ మొహమొహాలు చూసుకున్నారు. ఆవిడ ఆయన చెవిలోకి వంగింది.

"ఇంకొకడెందుకండీ చెప్పడం? వచ్చే ప్రతి ముక్కా, కొట్టే ప్రతి ముక్కా కామాలు, ఫుల్‌స్టాపులతో సహా గొంతెత్తి చదువుతున్నది మీరే; మీ పాస్‌వర్డు ఈ వీధిలో పిల్లలందరికీ కంఠతా వచ్చు!"