ట్రాక్టర్ తిరగని మూల

“ఆగండి, ఆగండి!”

ఆమె ఉలిక్కిపడి ట్రాక్టర్ ఇంజన్ ఆపింది.

గట్టు మీద ఎవరో కొత్త మనిషి. అరవై దాటి ఉంటాయి. భుజాన పార. రెండు చేతులూ అడ్డంగా ఊపుతున్నాడు.

“ఏమైంది పెద్దాయనా, పాముగానీ కనపడిందా?” అంది ఆమె సీటు మీంచే.

“లేదమ్మా. నేల ఇంకా తడిగా ఉంది. ఇప్పుడు దున్నితే ముద్దకడుతుంది.”

పక్కనే కూర్చున్న ఆమె మొగుడు ఫక్కున నవ్వాడు. “ఏమే, మనకి గురువుగారు దొరికారు!”

ఆమెకు నవ్వు రాలేదు.

ఆ చేలో ఈ ఏడు నువ్వులు వేయడం ఇది మూడోసారి. మొదటిసారి విత్తనం పైనే మిగిలి పిట్టల పాలైంది. రెండోసారి కసిగా లోతుకు వేసి, ట్రాక్టర్ వెనక బరువైన చెక్క కట్టి అణగదొక్కింది. పైన నేల పెచ్చుకట్టింది. ఒక్క మొలకా బయటపడలేదు.

మిగిలింది ఒకే ఒక్క సంచి. అదును ఇంకో వారం. ఇదీ పోతే ఈ ఏడు చేను బీడే.

పెద్దాయన గుప్పెడు మట్టి తీసి పిసికాడు. నడుమెత్తు నుంచి వదిలాడు. ముద్ద పగల్లేదు.

“ఇది పొడిపొడిగా విడిపోయినప్పుడు మొదలుపెట్టండి. వెనక కట్టిన ఆ చెక్క తీసెయ్యండి. అంత బరువు మీద పడితే గింజ ఎలా లేస్తుంది తల్లీ?”

“మరి విత్తనం కప్పేదెలా?”

“గొలుసు కట్టి లాగండి, చాలు. మట్టి దానంతటదే సర్దుకుంటుంది.”

“ఇంతకీ మీకెంత పొలం ఉందేంటి?” అన్నాడు మొగుడు.

“సెంటు కూడా లేదు బాబూ.”

“బాగుంది! పొలం లేదుగానీ సలహాలు మాత్రం బస్తాల్లో ఉన్నాయి!”

ఆయనా నవ్వాడు. గట్టు మీంచి మాత్రం కదల్లేదు.

ఆమె దిగి, ట్రాక్టర్ వెనక దున్నే రోటవేటర్ పళ్లు చూసింది. అరచేయంత మందాన బంకమట్టి పట్టి ఉంది. తాళంచెవి తీసేసింది.

మర్నాడు మధ్యాహ్నం చేతిలోంచి జారిన ముద్ద పొడిపొడి అయింది. రోటవేటర్ తేలిగ్గా తిరిగింది. విత్తనాల గొర్రు వెనక గొలుసు గలగలమంటూ చాళ్ల మీద పాకింది.

ఒక మూల మిగిలిపోయింది. అక్కడ ట్రాక్టర్ తిరగదు. ఆమె చేత్తో గింజలు వేసింది.

“అమ్మా, ఆ మూల నేను కప్పనా?” గట్టు మీంచి అడిగాడు పెద్దాయన.

“కూలి అడక్కూడదు మరి!” అన్నాడు మొగుడు.

ఆయన పార పక్కన పెట్టాడు. మోకాళ్ల మీద వంగి, వేళ్ల సందుల్లోంచి మట్టి జార్చాడు. ఒక్క గింజ మీద కూడా చిటికెడు ఎక్కువ పడనివ్వలేదు. చూస్తూ చూస్తూ మొగుడు ఆ పూటకి జోకులు మానేశాడు.

“ఎన్నాళ్లకి బయటికొస్తాయమ్మా?”

“అన్నీ తెలిసినవారు అదడుగుతారేంటి? ఐదారు రోజులు.”

ఆ రోజు నుంచి ఆయన పొద్దున్నే వచ్చి ఆ మూలే చూస్తూ కూర్చునేవాడు.

“కాపలా అక్కర్లేదు పెద్దాయనా, పారిపోవు!” అనేవాడు మొగుడు.

ఆరో రోజు పొద్దున చేలోకి దిగబోయిన ఆమె, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆపేసింది.

చేనంతా లేచింది.

వెంట్రుకంత సన్నటి కాడలు. ఒక్కొక్కటీ తనకంటే పెద్ద మట్టిబెడ్డను నెత్తిన ఎత్తుకుని నిలబడింది. అలాంటివి లక్షలు. ఆ మూల మరీ ఒత్తుగా.

మొగుడు చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు.

“తొక్కుతానేమోనే...” అన్నాడు గుసగుసగా. “ఆయనేడీ?”

గట్టు ఖాళీగా ఉంది. మర్నాడూ ఖాళీయే.

ఆ మర్నాడు ఆయన కోసం ట్రాక్టర్ మీదే గట్టు అవతలి ఊళ్లోకి వెళ్లారు. పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. “భుజాన పార ఉంటుంది...” అంటూ నువ్వుల సంగతంతా చెప్పేసరికి టీ కొట్టాయన గ్లాసు కింద పెట్టాడు.

“మొన్న మధ్యాహ్నం కునుకులోనే పోయాడమ్మా. ఆ పొద్దున్నే ఎక్కడినుంచో పరుగెత్తుకొచ్చి, కనపడ్డ ప్రతివాడి చెయ్యీ పట్టుకుని ‘లేచాయి, అన్నీ లేచాయి’ అన్నాడు. మతి పోయిందనుకున్నాం.”

ఆమె ట్రాక్టర్ మీంచి దిగింది. “అంతటి రైతుని వెక్కిరించాం...”

“రైతేంటమ్మా, నలభై ఏళ్లుగా మా శ్మశానంలో గోతులు పూడ్చిన మనిషి, తన చేత్తో మట్టి కప్పింది మళ్లీ లేవడం, పాపం, అదే మొదటిసారి చూడటం.”