అడుగు బొంత

డార్లీన్ వణకడం మానేసింది.

"చూశావా, సర్దుకుంది," అన్నాడు ఆమె భర్త వెండెల్, పక్కన నిలబడ్డ ముసలాయనతో.

"సర్దుకోలేదు బాబూ. వణకడానికి కూడా ఓపిక అయిపోయింది."

జార్జియా కొండల్లో ఫిబ్రవరి చివర. పొద్దున మొదలైన వాన సాయంత్రానికి మంచు కలుపుకుని పడుతోంది. కారు కొండ కింద ఉంది. నాలుగు గంటల నడక.

రెండు చెట్లకి కట్టిన గుడ్డ ఊయలలో, స్లీపింగ్ బ్యాగులో డార్లీన్. పైన టార్పాలిన్.

ముసలాయన నల్ల చెత్త సంచి భుజాన వేసుకుని పావుగంట కిందట వచ్చాడు. ఇంకా వెళ్లడేమని వెండెల్ అప్పట్నుంచీ చూస్తున్నాడు.

ముసలాయన ఊయల మీదికి వంగాడు. "అమ్మా, నీ పేరేంటి?"

"మంగళవారం," అంది డార్లీన్.

వెండెల్ మొహం పాలిపోయింది.

"ఊయల కింద చెయ్యి పెట్టి చూడు బాబూ."

"అక్కర్లేదు. ఊయల కింద కట్టే ఈ అడుగు బొంత నేనే కుట్టాను. బాతు నూగు ఈకలు. వంటింటి త్రాసు మీద తూచి గడికిన్ని గ్రాములని నింపాను. మొత్తం నాలుగొందల పది గ్రాములు!"

"చెయ్యి పెట్టు."

పెట్టాడు. నానిన దూదిలాంటి ముద్ద చేతికి తగిలింది. బొంతకీ ఊయలకీ మధ్య జానెడు సందు. ఆ సందులోంచి ఈల వేస్తూ గాలి.

"ఒంటి కింద నలిగిన స్లీపింగ్ బ్యాగు ఎందుకూ పనికిరాదు. చలి కింద నుంచి కోసేస్తుంది. వేరే చాపేదీ తేలేదా?"

తెచ్చాడు. కొండ కింద పెట్టెలో పడేశాడు. బరువు తగ్గించుకునేవాళ్లు అక్కర్లేనివి వదిలేసే పెట్టె అది. డార్లీన్ ఉన్ని స్వెట్టరునీ అందులోనే వేశాడు. తన టూత్‌బ్రష్షు పిడి కోసి తొమ్మిది గ్రాములు మిగిల్చాడు. పొట్ట జోలికి మాత్రం వెళ్లలేదు.

"తేలిగ్గా ఉంటుందని..." నసిగాడు.

"దిగేటప్పుడు ఇంకా తేలిక. ఒక్కడివేగా." ముసలాయన గొంతు తగ్గించే అన్నాడు. "నిలబడ్డావేం? ఆమె తడి బట్టలు మార్చు. నీళ్లు కాచి సీసాలో పోసి ఆమె చంకలో పెట్టు."

తను చెత్త సంచిలోంచి ఒక బొంత లాగాడు. బ్రెడ్డు కవర్లు, బుడగల ప్లాస్టిక్కు, యాభై రంగుల స్వెట్టరు ముక్కలు.

"ఇదా?" అన్నాడు వెండెల్. "కిలో పైనే ఉంటుందే!"

"నీళ్లు కాచమన్నాను."

ముసలాయన తడి బొంత పీకేసి తనది కట్టాడు. "సందులో అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. అంతే లెక్క."

పది నిమిషాలు. ఇరవై. డార్లీన్ కదల్లేదు. వెండెల్ ఆమె పాదాలు రుద్దుతూనే ఉన్నాడు.

నలభయ్యో నిమిషంలో ఆమె గజగజ వణికింది.

"అయ్యో, మళ్లీ మొదలైంది!"

"ఇదీ, సర్దుకోవడమంటే," అన్నాడు ముసలాయన.

ఇంకాసేపటికి ఊయలలోంచి మాట వినబడింది. "వెండెల్, నా స్వెట్టరేదీ?"

భార్య నిలదీస్తుంటే సంతోషం వెయ్యడం వెండెల్‌కి అదే మొదలు.

అప్పుడు ముసలాయన్ని మళ్లీ చూశాడు. స్టవ్వు లేదు, బ్రాండు లేదు, తూకం లేదు. ఈయన మామూలు మనిషి కాదు, ఈ విద్యలో గురువు!

"ఎన్నాళ్లుగా ఇలా పడుకుంటున్నారు సార్?"

"తొమ్మిదేళ్లు."

"శని ఆదివారాల్లోనా?"

"శని ఆదివారాల్లో కూడా."

వెండెల్ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

"మరి ఈ రాత్రికి మీకో?" డార్లీన్ అడిగింది.

"నడిచేవాడికి చలేంటమ్మా. దిగిపోతా. బొంత రేపు మార్లో ఊళ్లో చర్చి వంటశాలలో ఇచ్చెయ్యండి. అమోస్‌దంటే చాలు."

మర్నాడు వెండెల్ ఇవ్వలేదు.

కొలతలు తీసుకుని ఇచ్చేద్దామని అట్లాంటాలో తమ ఇంటికి తీసుకెళ్లిపోయాడు. భోజనాల బల్ల మీద పరిచి ఫొటోలు తీశాడు. తూచాడు. 'గురువు అమోస్ పద్ధతి' అని కొండల్లో ఊయల కట్టుకుని పడుకునేవాళ్ల ఆన్‌లైన్ గ్రూపులో పెట్టాడు. రెండు వేల లైకులు.

"ఇచ్చి రావయ్యా," అని డార్లీన్ రోజూ పోరింది. "ఆయనకి చలి."

"అలాంటివాళ్ల ఇంట్లో ఇవి పది ఉంటాయే."

రెండో వారం మంచు పడింది. పదిహేడో రోజున డార్లీన్ కారు తాళాలు తనే తీసుకుంది.

చర్చి వంటశాల ముందు పళ్లేలు పట్టుకుని జనం వరసగా నిలబడ్డారు. అమోస్ ఇక్కడ వడ్డిస్తాడు కాబోలు అనుకున్నాడు వెండెల్. పెద్దవాళ్లకి ఇలాంటి వ్యాపకాలు ఉంటాయి.

గరిటె పట్టుకున్న వెర్నా అనే ఆవిడ బొంతని చూసి, గరిటె కింద పెట్టేసింది.

"ఇది మీ దగ్గరుందా?"

"కొలతలకి ఆగింది. ఆయన లేరా?"

"మంచు పడ్డ వారం నెమ్ము చేసి పోయాడు. అప్పటికి ఇంకోటి కుడుతున్నాడు. సగమే అయింది."

డార్లీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అదేంటి," అన్నాడు వెండెల్, "ఇంట్లో హీటరు పాడయిందా?"

వెర్నా ఏప్రన్ విప్పి, "రండి," అంది.

హైవే వంతెన కింద, స్తంభాల మధ్య పద్నాలుగు ఊయలలు ఉన్నాయి, ఒక్కోదాని కింద ఒక్కో బ్రెడ్డు కవర్ల బొంత బిగించి ఉంది, ఖాళీగా వేలాడుతున్న పదిహేనో ఊయల కింద మాత్రం ఏమీ లేదు.