పొగ దొరకని ఇల్లు

“ఈ ఇంట్లో అసలు పొయ్యి వెలుగుతుందా, శ్రావణీ?” కంప్యూటర్ మీంచి కళ్లు తీయకుండానే అడిగాడు కృపాకర్.

“వెలుగుతది సార్. నా కండ్లతో నేను చూసిన. మండి మండి ఏడ్చిన కూడా.”

“నువ్వు ఏడిస్తే లెక్కలోకి రాదమ్మా, మిషన్ ఏడవాలి.” కృపాకర్‌ది కోదాడ. మాటలో వెటకారమే గానీ మనసులో కల్మషం లేదు. తెరను ఆమె వైపు తిప్పాడు. “చూడు, సూర్యాపేట మెయిన్ రోడ్డు మీద గాలికంటే ఈ జమ్లీ గారి వంటింటి గాలే నయంగా ఉంది.”

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇక్కడ నిప్పుంది, కట్టెలున్నాయి, దగ్గే మనుషులూ ఉన్నారు. పొగ ఒక్కటే లెక్కలోకి రానని మొండికేసింది.

ఇళ్లలో పొగ ఎంత, దానివల్ల వచ్చే రోగాలెన్ని అని తేల్చే పరిశోధనలో శ్రావణి ఉద్యోగి. ఊరూరా తిరిగి, వంటచేసే చోట గాలిని కొలిచే మిషన్ బిగిస్తుంది. కొన్నాళ్లకు వెళ్లి విప్పుకొస్తుంది. ఎక్కడ పొగ ఎక్కువని తేలితే అక్కడ ముందుగా పొగగొట్టం పొయ్యిలు కట్టిస్తారు. తనేమో మిర్యాలగూడలో రైస్‌మిల్లుల ఊకబూడిద దులుపుకుంటూ పెరిగిన పిల్ల. మిల్లు పొగ మీద గొడవపడ్డ మనుషులే ఇంట్లో పొయ్యి పొగను పొద్దున్నే పలకరించే చుట్టంలా చూడటం ఆమెకు చిన్నప్పటినుంచీ వింతే.

ఆత్మకూరు (ఎస్) దగ్గరి తండాలో జమ్లీది ఒంటిగది రేకుల ఇల్లు. కోడలు నందిని చంటిపాపకు పుట్టినప్పటినుంచి పిల్లికూతలు, ఆయాసం. పొగకు దూరంగా ఉంచమని సూర్యాపేట దవాఖానలో డాక్టరు చెప్పాడు. వానాకాలంలో ఒంటిగదిలో దూరం ఎక్కడినుంచి తెస్తారు? మూలన గ్యాస్ బండ ఉంది గానీ, అది చుట్టాలొచ్చినప్పుడే వెలుగుతుంది. మిగతా రోజులన్నీ పత్తికట్టెలే. ఆ పొయ్యి ఒక్కటి మారితే పాప తెరిపిన పడుతుందని శ్రావణి గట్టిగా నమ్మింది.

“ఇంకోసారి పెడ్త సార్. మిషన్‌లనే ఏదన్న లోపముందేమో.”

“పెట్టు. కానీ ఇదే ఆఖరు. పైవాళ్లు తొందర పెడుతున్నారు.”

ముసురులో తడుస్తూ వెళ్లిన శ్రావణి చేతిలోంచి మిషన్‌ను జమ్లీ పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా అందుకుంది. నందిని మొహం విప్పారింది.

“అక్కా, ఈ మిషన్ మంచిదక్కా. పోయినసారి ఇది ఉన్నన్ని దినాలు పాపకు దగ్గు తగ్గింది. నువ్వు తీస్కపోంగనే మళ్ల షురువైంది.”

శ్రావణికి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. “ఇది మందు కాదు నందినీ. ఉత్తగ కొలుస్తది, అంతే.”

“ఏమోనక్కా, మాకైతే మంచే చేసింది.”

పీటెక్కి మిషన్ బిగించి, దిగుతూ పోయినసారిలాగే మళ్లీ హెచ్చరించింది శ్రావణి. “అవ్వా, జర పైలం. మస్తు పిరమైన మిషన్. ఖరాబైతే నా నౌకరి పోతది.”

“గట్లెట్ల పోనిస్తం బిడ్డా! కంటికి రెప్పలెక్క సూసుకుంటం.”

మిషన్ ఉన్నన్నాళ్లూ ఆ ఇంటికి ఎవరూ వెళ్లకూడదని నియమం. పరాయి మనిషి కనపడితే ఇంటివాళ్లు మామూలుగా ఉండరట. గడువు తీరాక వెళ్లి, విప్పుతూ అడిగింది.

“రోజూ వండిండ్రా అవ్వా?”

“వండకుంటె ఎట్ల బిడ్డా? రొట్టెలు, కూర, అన్నీ వండినం.”

“పత్తికట్టెతోనేనా?”

“మాకింకేముంటది?”

ఈసారి పొగ తేలక తప్పదని సంబరంగా సూర్యాపేట బస్సెక్కింది. ఆ సంబరం ఆఫీసు గుమ్మం దాటగానే ఆవిరైపోయింది. అవే అంకెలు. పొగ జాడే లేదు.

“పొయ్యిలు మఠంపల్లి వైపు ఊళ్లకు వెళ్తున్నాయమ్మా,” అన్నాడు కృపాకర్. “వాళ్ల అంకెలు బాగున్నాయి. అంటే, బాగా చెడ్డగా ఉన్నాయి.”

“మరి ఆ పాప సార్?”

“పాప ఆయాసం ఏ గడిలో రాయను చెప్పు? నాకు మాత్రం లేదా బాధ?”

ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీద చూపాలో తెలియలేదు. మిషన్ అబద్ధం చెప్పదు, జమ్లీ అబద్ధం చెప్పదు, పాప గొంతులో పిల్లికూత అసలే అబద్ధం కాదు. ఫోన్లో చెప్పడానికి మనసొప్పక, మర్నాడు తనే తండాకు వెళ్లింది.

గదినిండా పొగ. నందిని ఒక చేత్తో పాప వీపు నిమురుతూ, మరో చేత్తో పొయ్యిలో కట్టె ఎగదోస్తోంది. జమ్లీ పీట వేసింది. శ్రావణి కూర్చోలేదు.

“ఈసారి మీ తండాకు పొయ్యిలు రాలె అవ్వా.”

“ఎందుకు బిడ్డా? మేమేం తక్కువ జేసినం?”

“మీరేం తక్కువ చెయ్యలె. మిషన్‌కు పొగ దొరకలె. రెండుసార్లూ మీ ఇంట్ల గాలి సాఫ్‌గనే ఉన్నదని చూపెట్టింది.”

జమ్లీ చప్పున తలెత్తింది. “అయితే మిషన్‌కు ఏం కాలె గద?”

“ఏం కాలె అవ్వా.”

“గంతే సాలు తల్లీ! నీ నౌకరికి ఏమైతదోనని మస్తు పరేషానైనం,” అని శ్రావణి చేతులు పట్టుకుని, జమ్లీయే మళ్లీ అంది.

“దానికి మసి అంటొద్దని, అది ఉన్నన్ని దినాలు బయట వానల తడుసుకుంటనే వండినం.”