మెక్‌క్రాస్టీల చోటు

"నిజమే చెప్పు, కాని కాస్త తియ్యగా చెప్పు," అని అలిస్టర్ భార్యను బతిమాలాడు. "నీకెలాగూ మనసు లేదు, మీవాళ్ళూ రామంటే ఆ చోటు మన చెయ్యి జారినట్టే."

నోలీన్ తల ఎత్తలేదు. చీజ్ రోల్స్ చుడుతున్న చేతులకు వెన్న అంటి ఉన్నందున ఫోనును బల్లమీదనే ఉంచి, మాట ఇద్దరికీ వినబడేలా మోచేతితో మీట నొక్కింది.

వానకా సరస్సు ఒడ్డున, విల్లో చెట్ల నీడలో, గుడారం తలుపు తీస్తే అలలు పలకరించే ఆ చోటును ఆమె తండ్రి మెక్‌క్రాస్టీ ఏనాడో సంపాదించాడు. అక్కడ వేసవిలో వచ్చే క్రిస్మసు సెలవులకు ఏటా అది ఆ ఇంటివారిదే. ఆయన సంతానం ముగ్గురిలో ఏ ఒక్కరు కావాలన్నా ముగ్గురికీ హక్కుంటుంది. ముగ్గురూ వద్దంటే మాత్రం ఆ హక్కు చెల్లిపోయి, ఏళ్ళ తరబడి కాచుకొని ఉన్నవారిలో మొదటివారికి దక్కుతుంది. సాయంత్రంలోగా ఏ సంగతో తేల్చాలని క్యాంపు ఆఫీసునుండి కబురు వచ్చింది. ఆ ఒడ్డున ట్రౌటు చేపకు గాలం వేయని వేసవి అలిస్టర్ దృష్టిలో వేసవే కాదు.

"పోనీ ఎవరూ రాకపోతే మనిద్దరమే వెళ్దాం," అన్నాడతను.

"పోయినేడూ అలాగే అన్నావు. మా చెల్లి రేవిన్ రానంది, తమ్ముడు లిండ్సే రానన్నాడు. క్రిస్మసు మర్నాడు, బాక్సింగ్ డే పొద్దున చూస్తే చుట్టాలూ వాళ్ళ స్నేహితులూ కలిసి పందొమ్మిదిమంది! నువ్వు గాలం పట్టుకుని పడవెక్కావు. నేను బంగాళదుంపలు చెక్కుతూ కూచున్నా."

"అందుకేగా ముందే గట్టిగా తేల్చుకోమంటున్నాను!"

అంతలో క్రైస్ట్‌చర్చ్‌నుండి చెల్లెలు పలికింది. "అక్కా! మేం రెడీ. మా ఆయన జలపాతంలో తాడు పట్టుకుని దిగుతాడట, పిల్లలు జెట్ బోటు అంటున్నారు."

అలిస్టర్ ముఖం వికసించింది.

"సంతోషమే," అంది నోలీన్. "ఈసారి వంట వంతులేసుకుందాం. రాత్రి భోజనం నీది. గిన్నెలు కూడా."

"నేనా? నీ చేతి వంట లేని సెలవులు సెలవులేనా అక్కా!"

"నా చేతులకీ సెలవులేగా."

"నిజానికి... మా అత్తగారు నెల్సన్‌లో తనింటికి రమ్మని ఒకటే పోరు పెడుతోందిలే. ఈ ఏడు మమ్మల్ని వదిలెయ్."

"చోటు వదులుకున్నట్టేనా? ఒక్క ముక్క చెప్పు."

"వదులుకున్నట్టే. మీరున్నారుగా!"

ఫోను ఆగగానే అలిస్టర్ నుదురు కొట్టుకున్నాడు. "నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వస్తానన్న మనిషికి అంట్లగిన్నెలు చూపించి తరిమేశావే!"

"అబద్ధమేమైనా ఆడానా?"

"ఆడినా బాగుండేది!"

నోలీన్ అబద్ధమాడదు. సత్యమే పలకవలెను, దానిని ప్రియముగా పలకవలెను అన్న పెద్దల మాటలో మొదటి సగమే ఆమెకు అబ్బినదని అలిస్టర్ పెళ్ళైన కొత్తలోనే గ్రహించాడు. గ్రహించాడే గాని, ఆ రెండవ సగం కోసం నేటికీ ఎదురు చూస్తూనే ఉన్నాడు.

డనీడిన్‌లోని తమ్ముడు లిండ్సే ఇంకా హుషారుగా ఉన్నాడు. "తప్పకుండా వస్తాం! ఈసారి మా అబ్బాయి ఫెర్గస్ పారాచూటుతో విమానంలోంచి దూకుతాడట."

"విన్నాను. నువ్వూ దూకుతావటగా."

"ఎవరన్నారు?"

"వాడే. మా నాన్న నాతో దూకుతానని మాటిచ్చాడని ఊరంతా చాటుకుంటున్నాడు. మురిసిపోతున్నాడు పాపం."

"అక్కా, అది బీరు తాగినప్పుడన్న మాట!"

అలిస్టర్ రెండు చేతులూ జోడించి, ఆపమని భార్యకు సైగ చేశాడు. ఆమె ఆపలేదు.

"వాడు బీరు తాగలేదుగా. గట్టిగా గుర్తుపెట్టుకున్నాడు."

"నిచ్చెనెక్కితేనే నాకు కాళ్ళు వణుకుతాయి, నీకు తెలీదా?"

"తెలుసు కాబట్టే ముందే చెబుతున్నా."

లిండ్సే గొంతు సవరించుకున్నాడు. "ఈ డిసెంబరులో పని ఎక్కువలే. రాలేను. ఆ చోటు ఎవరికిచ్చినా నాకేం అభ్యంతరం లేదు. ఫెర్గస్‌కి మాత్రం నువ్వే చెప్పు."

"అది నీ వంతు," అని నోలీన్ ఫోను ఆపింది.

అలిస్టర్ లేచి నిలబడ్డాడు. సహనమనే పాత్ర అడుగంటింది. "నీ తోడబుట్టినవాళ్ళని పిలవమంటే బెదరగొట్టి పంపావు! సరే, ఇంక మిగిలింది నువ్వు. నాకు కావాలి అని ఒక్క మాట అను, చాలు."

"అంటే మళ్ళీ ముగ్గురిదీ అవుతుంది," అంటూ ఆమె క్యాంపు ఆఫీసుకు కలిపింది.

కొత్తగా పనిలో చేరిన అమ్మాయి మర్యాదగా పలికింది. "చెప్పండి మేడం."

"మెక్‌క్రాస్టీ పిల్లల తరఫున మాట్లాడుతున్నానమ్మా. మా ముగ్గురికీ ఆ చోటు వద్దు."

"నోలీన్!" అని అలిస్టర్ కేక పెట్టాడు.

"ఒకసారి వదిలేస్తే మళ్ళీ మీ కుటుంబానికి తిరిగి రాదండీ. బాగా ఆలోచించుకున్నారా?"

"ఆరేళ్ళుగా ఆలోచించానమ్మా."

"సరేనండీ, రద్దు చేశాను. వరుసలో మొదట ఉన్నావిడకి ఇప్పుడే ఫోను చేస్తాను. ఇద్దరే వస్తారట, చిన్న గుడారం చాలన్నారు. అతిథులెవరినీ రానివ్వద్దని కూడా రాయించుకున్నారు."

అలిస్టర్ కుర్చీలో కూలబడ్డాడు. తన ఒడ్డు, తన చేపలు, తన వేసవి ఎవరో ముక్కూ ముఖమూ తెలియని మనిషి పాలైనవి.

"ఎవరో పెట్టి పుట్టింది," అని గొణిగాడు.

నోలీన్ వెన్న చేతులు తుడుచుకొని, ఫోను అందుకొంది.

"ఫోను చెయ్యక్కర్లేదు, ఆవిడ నేనేనమ్మా."