మేనకోడలి కొలతలు

సముద్రపు అలల మీద ఆడే బోర్డులమ్మే షాపులో, గోడకి ఆనించి ఉన్న నల్లటి బోర్డు ముందు దర్జీ ఆగి, "మా మేనకోడలికి ఇది సరిపోతుందా అమ్మా?" అని అడిగాడు.

షాపు నడిపే ఆమె లోపల బల్ల మీద ఎవరిదో విరిగిన బోర్డుకి జిగురు పూస్తోంది. చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ముప్పై దాటిన మనిషి, ఎండకి కమిలిన ముఖం. పొద్దుట్నుంచి షాపుకి వచ్చిన మొదటి బేరం ఇదే. వచ్చినాయన మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. తీయడం మర్చిపోయినట్టున్నాడు.

"ఇది మామూలు అలల బోర్డు కాదు బాబాయ్. కింద ఈ నిలువు కడ్డీ, దాని చివర ఈ రెక్క చూశారా? వేగం అందుకుంటే రెక్క పైకెత్తుతుంది. బోర్డూ మనిషీ నీళ్లకి పైన, గాల్లో పోతారు."

"తెలుసమ్మా."

"పాపకి ఎన్నేళ్లు?"

"పంతొమ్మిది. యాభై రెండు కిలోలు. ఎత్తు నా చెవిదాకా వస్తుంది. కొలతలన్నీ నోటికొచ్చు, గౌన్ల దగ్గర్నుంచి దాని బట్టలన్నీ నేనే కుట్టాను."

ఆమె నవ్వింది. "ఇలాంటి బోర్డు మీద ఎప్పుడైనా నిలబడిందా?"

"లేదు. మామూలు బోర్డు మీద రెండేళ్లుగా ఆడుతోంది."

"ఎక్కడ?"

"మా వీధి చివర తీరంలోనే. అక్కడ అల నిటారుగా లేచి ఒక్కసారిగా విరుగుతుంది. ఎడమ పక్కన రాళ్లున్నాయి."

పిల్లల్ని ఆకాశానికెత్తేసే మేనమామల్ని ఆమె చాలామందిని చూసింది. ఈయన ఒక్క ముక్క కూడా పెంచి చెప్పలేదు. అది ఆమెకి నచ్చింది. వెనక గదిలోంచి వెడల్పాటి పసుపు బోర్డొకటి మోసుకొచ్చింది.

"ఇది తీసుకోండి. చూడ్డానికి తలుపు చెక్కలా ఉంటుంది గానీ పడవలా తేలుతుంది. రెక్క పెద్దది, మెల్లగా లేపుతుంది. కడ్డీ పొట్టిది, పడ్డా ఎత్తు నుంచి పడదు. హెల్మెటూ, ఒంటికి దెబ్బ తగలకుండా ఈ మందపాటి కోటూ తప్పనిసరి. మొదట్లో మీ తీరం వద్దు, అలలు మెత్తగా ఉండే చోటుకి తీసుకెళ్లండి."

దర్జీ పసుపు బోర్డు వైపు చూడనైనా లేదు.

"మరి ఆ నల్లదానికేం? వస్తువు మంచిది కాదా?"

"వస్తువులో వంక లేదు. పందేలకెళ్లే వాళ్లు వాడతారు. రెక్క చిన్నది, సన్నది. బాగా వేగం వస్తేగాని లేవదు, లేచిందంటే చేతికి చిక్కదు."

"ఎదిగే పిల్లకి మేం ఒక సైజు పెంచి కుడతాం. ఇవాళ కాకపోతే రేపు సరిపోతుందని."

"వదులు బట్ట వేసుకుంటే నలుగురూ నవ్వుతారు, అంతే కదా బాబాయ్. ఇది అలా కాదు."

ఆమె ప్యాంటు అంచు పైకి మడిచింది. పిక్క మీద పొడుగాటి మచ్చ. దర్జీ వంగి చూశాడు.

"కుట్టు తిన్నగా పడలేదు," అన్నాడు మెల్లగా.

"కుట్టిన డాక్టరు కొత్తవాడు. నాకు తగిలింది పెద్ద రెక్క కాబట్టి ఇంతటితో పోయింది. ఆ నల్లదాని అంచు ముట్టుకుని చూడండి."

కత్తెర పదును చూసినట్టు ఆయన బొటనవేలితో నల్ల రెక్క అంచు తడిమాడు. వెంటనే చెయ్యి తీసేశాడు.

"అలలు చిన్నగా ఉన్న రోజైతే?"

"అయినా వద్దు."

"పిల్ల చురుకైంది. ఏదైనా ఇట్టే పట్టేస్తుంది."

"చురుకైనవాళ్లకే ఎక్కువ దెబ్బలు."

"పోనీ, హెల్మెట్ పెట్టుకుంటే?"

"తలకి సరే. మెడకో?"

దర్జీ చెయ్యి మెడలోని టేపు మీదికి పోయింది. అయినా వదల్లేదు. "నూటికి ఒక్కరైనా దీని మీదే మొదలుపెట్టినవాళ్లు ఉండరా? నీకు తెలిసి ఒక్కరు?"

ఆమెకి ఓపిక నశించింది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం అనుకుంది. పిల్ల ఏదో ఫోటో చూసి ముచ్చట పడి ఉంటుంది, ఈయన కాదనలేకపోతున్నాడు.

"ఎంతిచ్చినా నేనిది మీకు అమ్మను. రెక్క మీద నిలబడడం రాని పిల్లని ఈ బోర్డు మీద, ఆ రాళ్ల పక్కన, ఆ అలలోకి దింపుతారా? మీకు మేనకోడలి మీద పగేమైనా ఉందా?"

ఆయన టేపు చివరని వేలికి చుట్టి విప్పుతూ నిలబడ్డాడు.

మాట ఎక్కువైందని ఆమెకే అనిపించింది. "కోపం తెచ్చుకోకండి బాబాయ్. ఒక్కసారి పాపని తీసుకురండి. నేనే దగ్గరుండి నేర్పిస్తాను. డబ్బులేం వద్దు."

"రాదమ్మా," అన్నాడు దర్జీ.

"నేను ఫోన్లో మాట్లాడనా?"

ఆయన తల అడ్డంగా ఊపి, చేతులు జోడించి బయటికి నడిచాడు.

బస్టాండులో ఎండ మండిపోతోంది. టీ అమ్మేవాడి దగ్గర ఆగి, "పక్క ఊళ్లో కూడా ఈ సముద్రం బోర్డులమ్మే షాపు ఉందా బాబూ?" అని అడిగాడు. రేవు పక్కన ఒకటుందని వాడన్నాడు. బస్సు రాగానే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. చెమట పట్టిన బొటనవేలిని చొక్కాకి తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు.

ఆ రాళ్ల పక్కన అలలో మేనకోడలు చనిపోయిన దగ్గర్నుంచీ ఆయన ఇలా ఊరూరా షాపులెక్కి దిగుతూనే ఉన్నాడు, పుట్టినరోజుకి తను ముచ్చటపడి కొనిచ్చిన అలాంటి నల్ల బోర్డు ఆ పిల్లకి సరైనదేనని ఎవరైనా ఒక్కరు అంటారేమోనని.