వెనక జేబు

ఫెలియు వెనక జేబులోంచి పర్సు సగం బయటికి వచ్చి ఉంది.

ఎముకల మేడ అని పిలిచే వింత కట్టడం ముందు, గుంపులో నిలబడి, పుర్రెల్లాంటి ఆ బాల్కనీలను తలెత్తి చూస్తున్నాడు. చూసీ చూసీ మెడ పట్టేసింది. మోకాళ్ళు సలుపుతున్నాయి. తెల్లవారుజామున కొండల్లోని బెర్గాలో ఎక్కిన బస్సు ఇక్కడ దిగినప్పటినుంచీ కూర్చున్నది లేదు. జూలై ఎండకు బార్సిలోనా రాళ్ళు సెగలు కక్కుతున్నాయి. సెగ ఆయనకు కొత్త కాదు. బట్టీ ముందు నిలబడి రొట్టెలు కాల్చడంలోనే జీవితం గడిచింది. అప్పుడు మాత్రం ఇంత అలసట తెలియలేదు.

"పెద్దాయనా, ఆ పర్సు లోపలికి తోసుకోండి."

పక్కకు చూశాడు. జీన్స్ ప్యాంటు, భుజాన సంచితో ఒకామె. చూడ్డానికి యాత్రికురాలిలాగే ఉంది గానీ, ఆమె కళ్ళు మేడ మీద లేవు. జనం చేతుల మీద ఉన్నాయి. పేరు మిరెయా. మఫ్టీలో ఉన్న పోలీసు.

"ఏం కాదులే అమ్మా."

"పోయిన శనివారం కూడా ఇదే మాటన్నారు. ఇదే చోట, ఇదే టోపీతో."

ఫెలియు టోపీ అంచు కిందికి లాక్కున్నాడు. బార్సిలోనా అని పెద్దక్షరాల్లో రాసి ఉన్న గడ్డి టోపీ. విదేశీయులు తప్ప ఎవరూ కొనరు.

"యాస చూస్తే కొండలవైపు మనిషి. టోపీ చూస్తే ఇప్పుడే విమానం దిగినట్టున్నారు. వారం వారం వచ్చి అవే మేడలు చూస్తారేంటి?"

"ఒక్కసారికి అర్థమయ్యేట్టు కట్టాడా ఏంటి వీటిని కట్టినాయన?"

మిరెయాకి నవ్వొచ్చింది. నవ్వే ఓపిక లేదు. పొద్దుటినుంచి ఆమె కూడా నిలబడే ఉంది.

"మీలాంటివాళ్ళ వల్లే మా కాళ్ళు అరిగిపోతున్నాయి. ఆ జేబు చూస్తే దొంగ కానివాడికి కూడా చెయ్యి పెట్టాలనిపిస్తుంది."

ఫెలియు పర్సు లోపలికి తోశాడు. ఆమె అటు తిరగ్గానే మళ్ళీ పైకి లాగాడు.

మధ్యాహ్నానికి, ఏళ్ళ తరబడి ఇంకా కడుతూనే ఉన్న పెద్ద చర్చి దగ్గరికి నడిచాడు. చెట్టునీడలో, టమాటా రుద్దిన రొట్టెముక్క తీసి ఒక్కసారి కొరికాడు. మళ్ళీ కాగితంలో చుట్టేశాడు. ఇవాళ కూడా ఇంతేనేమో అనుకున్నాడు. వచ్చే వారం మోకాళ్ళు సహకరిస్తాయో లేదో.

గొడుగు ఎత్తి పట్టుకున్న గైడు వెనకాల ఒక గుంపు వస్తోంది. లేచి ఆ గుంపులో కలిశాడు. అందరితోపాటు శిఖరాల కేసి తలెత్తాడు.

జేబు దగ్గర చిన్న కదలిక. ఈగ వాలినంత.

ఫెలియు ఊపిరి బిగబట్టాడు. వెనక్కి తిరగలేదు. కళ్ళు మూసుకున్నాడు. పర్సు జారుతుంటే వేళ్ళు ఆయన నడుముకు తగిలాయి. అవి దూరమయ్యాక కూడా కాసేపు అలాగే ఉండిపోయాడు.

"పొద్దున చెబితే విన్నారా?"

మిరెయా గొంతు. బక్కపలచటి అమ్మాయిని రెక్క పట్టుకుని లాక్కొస్తోంది. కత్తిరించుకున్న జుట్టు, మాసిన చొక్కా. ఆ అమ్మాయి తల నేలకు దించి ఉంది. పర్సు మిరెయా చేతిలో ఉంది.

"ఏమేం పోయాయో చూసుకోండి" అంటూ తనే తెరిచింది. డబ్బు లేదు. కార్డు లేదు. ఎర్రదారం కట్టిన ఇంటి తాళంచెవి ఒక్కటే ఉంది.

"ఓరి దేవుడా. దీన్ని మోయడానికా మీకు పర్సు?"

అమ్మాయి తలెత్తింది. తాళంచెవిని చూసింది. టోపీ కింది ముఖాన్ని చూసింది. పెదవులు వణికాయి.

"ఇంత కష్టపడితే ఇదా దొరికింది అని ఏడుపొస్తోందా?" అంది మిరెయా. "పదండి పెద్దాయనా, స్టేషన్‌కొచ్చి ఫిర్యాదు ఇస్తే ఈమె సంగతి మేం చూసుకుంటాం."

"ఆ పర్సు నాది కాదమ్మా."

"నా కళ్ళతో నేను చూశాను."

"ఎండ కదా. పొరపాటు పడి ఉంటారు. ఆ అమ్మాయి చేతిలో దొరికిందంటే ఆ అమ్మాయిదే అయి ఉంటుంది. ఇచ్చేయండి."

మిరెయా చాలాసేపు వాదించింది. బెదిరించింది. ఫెలియు చర్చి మీది క్రేన్ల వైపు చూస్తూ అదే మాట చెప్పాడు. పోగొట్టుకున్నవాడే కాదంటుంటే ఆమె మాత్రం ఏం చేస్తుంది? విసుగ్గా రెక్క వదిలి, పర్సు అమ్మాయి చేతిలో పెట్టింది.

అమ్మాయి పరుగెత్తలేదు. పర్సును రెండు చేతులతో గుండెకు అదుముకుని, వెనక్కి వెనక్కి నడిచి జనంలో కలిసిపోయింది.

ఫెలియు అక్కడే కాలిబాట అంచున కూలబడ్డాడు. టోపీ తీసి పక్కన పెట్టాడు. ముఖమంతా చెమట. మిరెయా కూడా పక్కనే కూర్చుని బూటు వదులు చేసుకుంది.

"ఎవరికీ చెప్పనులెండి. అసలు ఎందుకొస్తారు మీరు ఈ ఊరికి?" అంది, ఈసారి కోపం లేకుండా.

ఫెలియు జనం వైపే చూస్తూ అన్నాడు:

"నా ముఖం కనబడితే పారిపోతుందమ్మా మా అమ్మాయి, వెనకనుంచయితేనే దగ్గరికొస్తుంది."